మసిగుడ్డ మీద పేరు

మా వెస్ట్‌ఫాల్ కౌంటీలో షెరీఫ్‌కి ఓటేస్తే ఆయన భార్య కొసరుగా వచ్చేది. చట్టంలో ఎక్కడా అలా రాయలేదు గానీ, నూరేళ్లుగా జరుగుతూ వచ్చింది అదే. కోర్టు భవనం వెనకున్న ఎర్ర ఇటుకల ఇల్లు, కౌంటీ పోలీసుకీ జైలుకీ పెద్ద అయిన షెరీఫ్ కాపురానికి. ఆ ఇంటి వెనక గోడకి అతికించినట్టు జైలు. వంటగది గోడలో పళ్లెం పట్టేంత కంత ఒకటి ఉండేది. ఇటువైపు నుంచి షెరీఫ్ భార్య వండి పెడితే అటువైపు ఖైదీలు అందుకునేవాళ్లు. ఆడవాళ్లెవరైనా ఖైదీగా వస్తే వాళ్లని సోదా చేసేదీ ఆమే, షెరీఫ్ ఊళ్లో లేనప్పుడు ఫోన్ ఎత్తి తిట్లు తినేదీ ఆమే. ఎన్నికయ్యేది ఒకడు, అరిగిపోయేది ఇద్దరు.

ఓర్ఫా డిల్‌మన్ ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికి నలభై దాటింది. అంతకుముందు ఆమే, ఆమె మొగుడు లోరెనూ ఊరి బయట మొక్కజొన్న పండించి, పందుల్ని మేపుకునేవాళ్లు. లోరెన్ మంచి పొడగరి, నవ్వుముఖం. ఎవరి కంచె మీదైనా మోచెయ్యి ఆనించి పూటంతా కబుర్లు చెప్పగలడు. మా దగ్గర షెరీఫ్ కావడానికి ఇంతకు మించిన అర్హత ఏనాడూ అడగలేదు. లోరెన్ నాలుగేళ్ల చొప్పున రెండు విడతలు నిలబడ్డాడు, రెండుసార్లూ గెలిచాడు. ఆ రెండు విడతలూ ఓర్ఫా బీన్స్ ఉడకబెట్టింది.

ఒకే మనిషి వరుసగా రెండు విడతలకి మించి షెరీఫ్‌గా ఉండకూడదని మా ఇండియానా రాష్ట్రంలో చట్టం. ఎక్కువకాలం కూర్చుంటే షెరీఫ్ రాజైపోతాడేమోనని పాతకాలం వాళ్ల భయం. ఇంత దూరం ఆలోచించిన పెద్దమనుషులు షెరీఫ్ భార్య సంగతి మర్చిపోయారు. మర్చిపోనివాడు వెండెల్ క్రిచ్‌లో. మా కౌంటీలో పార్టీకి అధ్యక్షుడు, ధాన్యం గిడ్డంగుల యజమాని. ఆయన సరేనంటేనే ఎవరైనా ఎన్నికల్లో నిలబడేది.

లోరెన్ రెండో విడత ఆఖర్లో క్రిచ్‌లో వచ్చి ఓర్ఫా వంటగదిలో తిష్ఠవేశాడు. ఆమె చేసిన పర్సిమన్ పండ్ల పుడ్డింగు రెండోసారి వడ్డించుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"ఓర్ఫా, నీ చేతి పుడ్డింగు తిన్నవాడెవడూ నీకు ఓటు వెయ్యకుండా ఉండడు. ఈసారి నువ్వే నిలబడాలి."

"పుడ్డింగుని నిలబెట్టండి. నాకు పనుంది" అంది ఓర్ఫా.

"నవ్వులాట కాదమ్మా. పేరుకి నువ్వు షెరీఫ్‌వి. లోరెన్ చీఫ్ డిప్యూటీగా ఉంటాడు. ఒక్క విడత గడిస్తే చట్టం ప్రకారం ఆయనకి మళ్లీ దారి దొరుకుతుంది. ఇల్లు మారక్కర్లేదు. కిటికీ పరదాలు కూడా మార్చక్కర్లేదు."

లోరెన్ కాఫీ కప్పులోకి చూస్తూ నవ్వుతున్నాడు. వీళ్లిద్దరూ ఇంతకుముందే మాట్లాడుకుని వచ్చారని ఆమెకి అర్థమైంది. సీటు మీద రుమాలు వేసి పోయినట్టు, లోరెన్ తిరిగొచ్చేదాకా ఆ కుర్చీలో ఆమెని వేసి ఉంచుతారు.

"సరే. ఓటు చీటీ మీద నా పేరు ఎలా రాస్తారు?"

"మిస్సెస్ లోరెన్ డిల్‌మన్."

"నా పేరు ఓర్ఫా."

"నాకు తెలుసమ్మా" అన్నాడు క్రిచ్‌లో, చెంచా నాకుతూ. "కౌంటీకే తెలీదు."

ఆ రోజు ఓర్ఫాకి కోపం రాలేదు. నిజమే కదా అనుకుని సంతకం పెట్టింది. కోపం తర్వాత తీరిగ్గా వచ్చింది.

ప్రచారానికి క్రిచ్‌లో మసిగుడ్డలు చేయించాడు. పొయ్యి మీది గిన్నె దించుకోవడానికి పనికొచ్చేలా, లోపల దూది పెట్టి కుట్టిన ఎర్రటి గుడ్డలు. వాటి మీద తెల్లటి అక్షరాలతో 'షెరీఫ్ పదవికి మిస్సెస్ లోరెన్ డిల్‌మన్' అని అచ్చు. ఆడమనిషి నిలబడితే మసిగుడ్డలు కాక ఇంకేం పంచుతారు? లోరెన్ నిలబడ్డప్పుడు జేబుకత్తులు పంచారు. ఇంటింటికీ ఒక మసిగుడ్డ చేరింది. గుడ్డ మాత్రం గట్టిది, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదు. కొంప ముంచింది ఆ గట్టితనమే.

మిస్సెస్ లోరెన్ గెలిచింది. జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసింది. జాకెట్టుకి షెరీఫ్ బిళ్ల పెట్టుకుంటే బరువుకి గుడ్డ ఒక పక్కకి లాగింది. ఆ సాయంత్రం అద్దంలో ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి ఆ బిళ్లని సర్దుకుంటూ చూసుకుంది. దాచడమెందుకు, నిజం చెప్పుకోవాలి: ఆమెకి ఎంతో సంతోషమేసింది. తన గురించి తను అలా సంతోషపడి చాలా కాలమైంది.

మర్నాటి నుంచి మొదలైంది. ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఒకటే పాట.

"షెరీఫ్ ఉన్నాడా?"

"నేనే. చెప్పండి."

"అహ, మీరు కాదండీ. నిజం షెరీఫ్."

ఆ మాట అంటూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వుతుందని ఎదురుచూసేవాళ్లు. మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. అయినా వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. లోరెన్ పాత కుర్చీలోనే కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. ఓర్ఫా బల్ల దగ్గర పని చూసుకుని, మధ్యలో వంటగదిలోకి పరిగెత్తి బీన్స్ కలిపి, మళ్లీ బల్ల దగ్గరికి వచ్చేది. పదవి వచ్చిందని వంట పోలేదు. ఉత్సవ విగ్రహానికైనా ఏడాదిలో కొన్నాళ్లు విశ్రాంతి ఉంటుంది, ఈమెకి అదీ లేదు.

కోర్టు భవనం కింది అంతస్తులో గోడకి ఒక చెక్క పలక ఉంది. కౌంటీ పుట్టినప్పటి నుంచి షెరీఫులైన వాళ్ల పేర్లన్నీ ఇత్తడి రేకుల మీద చెక్కి దానికి బిగించారు. మొట్టమొదటి షెరీఫ్ గుర్రాల దొంగల్ని పట్టాడని కొందరు చెబుతారు, ఆయనే గుర్రాల దొంగ అని ఇంకొందరు చెబుతారు. మరొకాయన తాగి తన తుపాకీతో తన బొటనవేలే పేల్చుకున్నాడు. అందరికీ రేకులున్నాయి. బొటనవేలు లేనాయనకి కూడా ఉంది. ప్రమాణం చేసి నెలలు గడిచినా ఓర్ఫాకి రేకు రాలేదు. భవనం చూసుకునే ముసలాయన్ని పట్టుకుని అడిగింది.

"లోరెన్ రేకు ఉంది కదమ్మా" అన్నాడాయన, పలక మీద దుమ్ము తుడుస్తూ. "ఒక ఇంటికి రెండెందుకని పైవాళ్లు అన్నారు. కావాలంటే దాని పక్కనే చిన్నగా 'మిస్సెస్' అని చెక్కిస్తామన్నారు."

"నేను ఎన్నికయ్యానా, లేదా?"

"అయ్యారమ్మా. నేను కూడా మీకే వేశాను. మా ఇంట్లో మీ మసిగుడ్డ ఉంది."

ఆ 'మిస్సెస్' కూడా చెక్కించలేదు. ఓర్ఫాకి మాత్రం ఆ రోజు నుంచి ఒకటే పట్టుదల. ఆ పలక మీద తన పేరు ఉండాలి. మొగుడి పేరుకి తోకలా కాదు, అమ్మా నాన్నా పెట్టిన పేరు, ఓర్ఫా అని. పెద్ద కోరికా అది? బొటనవేలు పేల్చుకున్నవాడికి దక్కింది.

రెండో ఏడు చలికాలంలో గోల్డీ ప్రూయిట్ ఆఫీసుకి వచ్చింది. ఊరి చివర ఒంటరిగా బతికే విధవ. చేతిలో పిండి సంచి. దాన్ని బల్ల మీద పెట్టి విప్పింది. లోపల చచ్చిన కోడి.

"షెరీఫ్ ఉన్నాడా తల్లీ?"

"నేనే షెరీఫ్‌ని, గోల్డీ."

"అదేలే. లోరెన్ ఉన్నాడా?"

ఓర్ఫా పళ్లు బిగబట్టి, ముందు సంగతి చెప్పమంది. క్రిచ్‌లో కొడుకు రాడ్నీ తప్పతాగి ట్రక్కు నడుపుకుంటూ వచ్చి గోల్డీ కోళ్లగూట్లోకి దూరాడు. గూడు నుగ్గునుగ్గైంది. ఇంకాస్త పక్కకి వచ్చి ఉంటే గోల్డీ పడుకున్న గదే.

"మరి లోరెన్ రాలేదా?"

"ఎందుకు రాలేదూ, వచ్చాడు. పాపం, మంచివాడు. అబ్బాయిని కార్లో ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపుతానని తీసుకుపోయాడు. నా కోళ్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు."

మా కౌంటీలో అదొక ఆనవాయితీ. తండ్రికి పేరుంటే, తాగిన కొడుకుని ఇంటి దగ్గర దిగబెడతారు. తండ్రికి పేరు లేకపోతే జైల్లో పెడతారు. డ్యూయీ స్ట్రౌడ్ అనే తాగుబోతు ఉండేవాడు. వాడు ఎవరి కోళ్ల జోలికీ పోయినవాడు కాదు. రోడ్డు పక్కన పాటలు పాడుకుంటూ పడిపోయేవాడు, అంతే. అయినా ప్రతి చలికాలం జైల్లోనే గడిపేవాడు. వాడికి తండ్రే లేడు, ఇంక పేరెక్కడిది?

లోరెన్ని నిలదీస్తే చేతులు తిప్పాడు.

"కుర్రాడు, ఓర్ఫీ. క్రిచ్‌లో గూడు బాగు చేయిస్తానన్నాడు. ఇన్నేళ్లుగా ఇలాగే నడుపుకొస్తున్నాం. గొడవెందుకు?"

"డ్యూయీని కూడా ఇంటి దగ్గర దిగబెట్టావా?"

"వాడికి ఇల్లెక్కడుంది?"

ఓర్ఫా ఆప్రాన్ విప్పి కుర్చీ మీద పడేసి కోటు తొడుక్కుంది. షెరీఫ్ కారు తనే నడుపుకుంటూ క్రిచ్‌లో ఇంటికి వెళ్లింది. తలుపు క్రిచ్‌లోనే తీశాడు.

"రాడ్నీ కోసం వచ్చాను."

"నువ్వెందుకమ్మా శ్రమపడి? లోరెన్ని పంపు, మేం మాట్లాడుకుంటాం."

"లోరెన్ నా డిప్యూటీ. అందుకే షెరీఫే వచ్చింది."

క్రిచ్‌లో ముఖం నల్లబడింది. "నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరో గుర్తుందా? దింపడం కూడా తెలుసు నాకు."

"షెరీఫ్‌ని అరెస్టు చెయ్యాలంటే ఈ రాష్ట్రంలో చావుల విచారణ చేసే కరోనర్ ఒక్కడికే అధికారం. మన కరోనర్ శవపేటికలు అమ్మేవాడే కదా, పిలవండి. తీసుకెళ్లడానికి ఆయన దగ్గర బండి కూడా ఉంది. ఈలోగా మీ అబ్బాయికి బూట్లు తొడగండి."

రాడ్నీ వచ్చాడు. పాపం తలనొప్పితో ఉన్నాడు, ఎదురు తిరగలేదు. డ్యూయీ పక్క గదిలోనే పెట్టింది. మధ్యాహ్నం కంతలోంచి పళ్లేలు అందిస్తుంటే అటునుంచి డ్యూయీ గొంతు వినపడింది.

"దిగులుపడకు బాబూ. ఇక్కడ బీన్స్ బాగుంటాయి. మా షెరీఫే స్వయంగా వండుతుంది."

ఓర్ఫా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రమాణం చేసిన ఇన్నాళ్లలో ఆమెని నవ్వకుండా షెరీఫ్ అన్నవాడు అతనొక్కడే.

ఈ సంగతి కౌంటీ అంతా పాకింది. గోల్డీయే పాకించింది. చర్చిలో, కిరాణా కొట్లో, పోస్టాఫీసులో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ చెప్పింది. "ఎంత గుండెధైర్యం! మిస్సెస్ లోరెన్ లేకపోతే నా కోళ్లకి దిక్కెవరు? మిస్సెస్ లోరెన్ లాంటి షెరీఫ్ ఇంతకుముందు లేడు, ఇకముందు రాడు." పొగిడినకొద్దీ మిస్సెస్ లోరెన్ కీర్తి పెరిగింది. ఓర్ఫా ఉన్నచోటే ఉంది.

ఇంట్లో మటుకు లోరెన్ వారం రోజులు ముభావంగా తిన్నాడు. చివరికి ఒక పూట నోరు విప్పాడు.

"బార్బర్ షాపులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. 'లోరెన్, ఇంటికి పోవడానికి షెరీఫ్ అనుమతి తీసుకున్నావా?' అంటున్నారు."

"నన్ను చూసి రెండేళ్లుగా నవ్వుతున్నారు. నువ్వు కూడా వాళ్లతో కలిసి నవ్వావు. ఇప్పుడు రుచి తెలిసిందా?"

విడత ముగిసే ఏడాది వచ్చింది. లోరెన్ మళ్లీ నిలబడొచ్చు. ఓర్ఫా కూడా ఇంకొక విడత నిలబడొచ్చు. క్రిచ్‌లో ఈసారి పుడ్డింగు తినడానికి రాలేదు. కోళ్లగూడు సంగతి ఆయన ఇంకా మింగుతూనే ఉన్నాడు. లోరెన్ని కోర్టు మెట్ల మీదే కలిసి, కాగితాలు సిద్ధం చేసుకోమన్నాడు. అదే రోజు ఓర్ఫా కూడా వెళ్లి తన పేరు నమోదు చేయించుకుంది.

ఆ సాయంత్రం నూడుల్స్, మెదిపిన బంగాళాదుంపలు వడ్డించి, ఎదురుగా కూర్చుని చెప్పేసింది. లోరెన్ ఫోర్కు కింద పెట్టాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. అతను చెడ్డవాడు కాదు, ఏ పనికైనా సుఖమైన దారి వెతికే మనిషి, అంతే.

"ఏ పేరుతో?"

"ఓర్ఫా డిల్‌మన్."

"అలా వద్దు, ఓర్ఫీ. మిస్సెస్ లోరెన్ అనే వేయించుకో. అందరికీ తెలిసింది అదే. నీ మంచికే చెబుతున్నా."

"నీ మీద పోటీ చేస్తూ నీ పేరే పెట్టుకోమంటావా?"

"గెలవాలని ఉంటే పెట్టుకో మరి."

అతను నిజంగా మంచికే చెప్పాడు. ఓర్ఫాకి మండింది కూడా అందుకే. గెలిచినా ఆ పేరుతో గెలిస్తే పలక దగ్గర మళ్లీ అదే జవాబు వస్తుంది: లోరెన్ రేకు ఉంది కదమ్మా. "గెలిస్తే నా పేరుతోనే గెలుస్తా" అని ఆమె ఖరాఖండీగా చెప్పేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇక్కడ ఇల్లూ రచ్చా ఒక్కటే అయిపోయాయి.

మసిగుడ్డల జోలికి పోకూడదనుకుంది. కొలబద్దలు చేయించింది. బట్ట కొలిచే చెక్క కొలబద్దలు, వాటి మీద పొడుగునా 'షెరీఫ్ పదవికి ఓర్ఫా డిల్‌మన్' అని. జనం తీసుకున్నారు. పిల్లలు వాటితో కత్తియుద్ధాలు చేశారు, పెద్దలు వాటిని కిటికీలకి ఆధారం పెట్టారు. చదివినవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. పార్టీ చేపల విందులో మైకు దగ్గరికి పిలిచినవాడు, "ఇప్పుడు మన లోరెన్ గారి శ్రీమతి మాట్లాడతారు" అన్నాడు. ఆమె మైకు అందుకుని, "నా పేరు ఓర్ఫా" అని మొదలుపెట్టేసరికి, చేపల తట్ట కొత్తగా వచ్చిందని అందరూ లేచి వరుస కట్టారు.

అయినా ఆమె ఆశ వదల్లేదు. ఇంటింటికీ తిరిగింది. ఏ వంటగదిలోకి వెళ్లినా పొయ్యి పక్కన మేకుకి ఆ ఎర్ర మసిగుడ్డ వేలాడుతూ కనపడేది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకి ధైర్యం వచ్చేది. నన్ను మర్చిపోలేదు, ఇన్నేళ్లైనా దాచుకున్నారు అనుకునేది. "ఈసారి కూడా మీకేనమ్మా" అని వాళ్లంటే చాలు, ఇంకొక ఇంటికి బయల్దేరేది. అక్కడే పప్పులో కాలేసింది. ఎవరికి వేస్తారు, ఏ పేరు చూసి వేస్తారు అని ఒక్కరినీ అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది?

మా కౌంటీలో మే నెలలో, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక గెలిస్తే నవంబరులో గెలిచినట్టే లెక్క. ఆ మే ఉదయం చర్చి కింది గదిలో, మీట లాగి ఓటేసే యంత్రాల మీద ఓటింగు. అభ్యర్థులు దగ్గరికి రాకూడదని నేల మీద సున్నపు గీత గీశారు. గీతకి ఇవతల, మేపుల్ చెట్టు కింద ఓర్ఫా నిలబడింది. లోపలికి వెళ్లేవాళ్లు చేతులూపారు, బయటికి వచ్చేవాళ్లు దగ్గరికి వచ్చి చెయ్యి కలిపారు. "మీకే వేశామండీ" అనేవాళ్లే ఎక్కువ. ఆమె ముఖంలో వెలుగొచ్చింది. ఓటేసి వచ్చిన కోర్టు భవనం ముసలాయనతో, "ఒక రేకు సిద్ధం చేసుకోండి" అని నవ్వుతూ అంది కూడా.

అంతలో గోల్డీ ప్రూయిట్ బయటికి వచ్చింది. యుద్ధం గెలిచిన మనిషిలా నడిచి వచ్చి ఓర్ఫా రెండు చేతులూ పట్టుకుంది.

"వేసేశాను తల్లీ. నన్ను మోసం చేద్దామనుకున్నారు గానీ, నా దగ్గరా?"

"మోసమేంటి గోల్డీ?"

"అక్కడ మీటల పైన డిల్‌మన్ అని రెండు పేర్లు పెట్టారు. ఒకటేమో ఓర్ఫానో ఎవరో. లోరెన్ తమ్ముడి పెళ్లాం అయ్యుంటుంది, నీ ఓట్లు చీల్చడానికి ఆ క్రిచ్‌లో దింపి ఉంటాడు. సిగ్గులేని మనిషి! నాకు తెలుసు ఇలాంటిదేదో చేస్తాడని. అందుకే ఇంటి నుంచి వస్తూ వస్తూ ఇది తెచ్చుకున్నా."

గోల్డీ చేతిసంచిలోంచి ఎర్ర మసిగుడ్డ తీసింది. వేలితో అక్షరాలు చూపించింది.

"లోరెన్ డిల్‌మన్. ఒక్కొక్క అక్షరం సరిచూసుకుని మీట లాగాను. ముందర మిస్సెస్ అని లేదు గానీ, చోటు చాల్లేదేమోలే."

ఓర్ఫా గుడ్డ వంకా గోల్డీ వంకా చూసింది. ఆ ఉదయం నుంచి చెయ్యి కలిపిన వాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"గోల్డీ, ఓర్ఫా అంటే నేనే."

"నువ్వా?" గోల్డీ ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వు మిస్సెస్ లోరెన్‌వి కదా!"

"పుట్టినప్పటి నుంచీ ఓర్ఫానే! ఎన్నేళ్లు, గోల్డీ! నీ కోళ్ల కోసం క్రిచ్‌లో గుమ్మం ఎక్కాను. ఒక్కసారి, ఒక్కసారి నీ పేరేంటని నన్ను అడగలేదు!"

అరవకూడదనుకుంటూనే అరిచింది. వరుసలో నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూశారు. గోల్డీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను మళ్లీ లోపలికి వెళ్లి మార్చుకొస్తా, ఉండు" అని చర్చి వైపు పరిగెత్తబోయింది. ఒకసారి లాగిన మీట మళ్లీ పైకి రాదని ఓర్ఫా ఆమె భుజం పట్టి ఆపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పాపం గోల్డీ ఆ మసిగుడ్డని చేతుల్లో నలుపుతూ నిలబడింది. ఆమెని ఏం తిట్టాలి? ప్రేమతోనే వేసింది. మా వాళ్లందరూ ప్రేమతోనే వేశారు.

సాయంత్రం దాకా ఓర్ఫా ఆ గీత దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం తర్వాత వచ్చిన వాళ్లకి, గొంతు పోయేదాకా, "ఓర్ఫా అనే పేరు చూడండి" అని చెప్పింది. కొందరు విన్నారు. చాలామంది పొద్దున్నే వేసి, దుక్కి దున్నుకోవడానికి పొలాలకి పోయారు. లోరెన్ గెలిచాడు. పెద్ద తేడాతో కాదు గానీ గెలుపు గెలుపే.

లోరెన్ ఇంటికి వచ్చి టోపీ తీసి చేత్తో తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అతనికి కూడా సంగతి తెలిసిపోయింది.

"అందులో సగం ఓట్లు నీవే, ఓర్ఫీ."

"తెలుసు."

"ఏం చెయ్యమంటావ్ చెప్పు? నేను ముందే అన్నాను కదా..."

"ఆ ఒక్క మాట అనకు" అంది ఓర్ఫా. "ముందే అన్నానని మాత్రం అనకు, లోరెన్."

డిసెంబరు ఆఖరి దాకా ఆమే షెరీఫ్. బల్ల దగ్గర కూర్చుంది, కోర్టు కాగితాలు అందించడానికి ఊళ్లు తిరిగింది, ఎప్పటిలాగే బీన్స్ ఉడకబెట్టింది. ఒకటి రెండుసార్లు కోర్టు భవనం కింది అంతస్తులోంచి నడవాల్సి వచ్చినా పలక వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. కొత్త ఏడాదికి పైవాళ్లు నిర్ణయం చేసేశారు. లోరెన్ రేకు ఎలాగూ ఉంది. దాని మీద సంవత్సరాలు పొడిగిస్తే సరిపోతుంది. మొదటి అంకె నుంచి ఆఖరి అంకె దాకా మధ్యలో ఒక గీత గీస్తే, ఆమె నాలుగేళ్లూ ఆ గీత కిందికి పోతాయి.

జనవరి మొదట్లో లోరెన్ మూడోసారి ప్రమాణం చేసి, కొత్తగా పాలిష్ పెట్టిన బిళ్లతో వంటగదిలోకి వచ్చాడు. ఓర్ఫా కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పెట్టె పక్కన నిలబడి ఉంది. పొలం దగ్గరి పాత ఇంటికి వెళ్తున్నానని ముందు రోజే చెప్పింది. అతను నమ్మలేదు.

"నిజంగానే పోతున్నావా?"

"ఆదివారాలు భోజనానికి రా. నీ మీద నాకేం పగ లేదు."

"మరి లోపలున్న వాళ్లకి భోజనం? వేళవుతోంది."

"కౌంటీ ఎన్నుకుంది నిన్ను. చీటీ మీద నా పేరు కూడా ఉంది, వద్దన్నారు. ఇంక నేనెందుకు వండాలి? పొయ్యి మీద బీన్స్ ఉన్నాయి. అడుగంటుతున్నాయి, చూసుకో."

లోరెన్ గబగబా వెళ్లి మేకుకున్న ఎర్ర మసిగుడ్డతో గిన్నె పట్టుకున్నాడు. ఇన్నేళ్ల వాడకానికి గుడ్డ మధ్యలో పలచబడింది. చెయ్యి చురుక్కుమని కెవ్వుమన్నాడు, సగం బీన్స్ పొయ్యి మీద ఒలికాయి. మిగిలినవి పళ్లేల్లోకి దులిపి, ఒక పళ్లెం కంతలో పెట్టాడు. చలికాలం కదా, అటువైపు డ్యూయీ స్ట్రౌడే ఉన్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో ఉమ్మిన చప్పుడు వినపడింది.

"ఇదేం తిండయ్యా? షెరీఫ్ ఎక్కడ?"

"నేనే షెరీఫ్‌ని, డ్యూయీ."

"అహ, నువ్వు కాదయ్యా" అన్నాడు డ్యూయీ, ఓపిగ్గా. "నిజం షెరీఫ్."

పెట్టె చేత్తో పట్టుకున్న ఓర్ఫా గుమ్మంలో ఆగిపోయింది. నాలుగేళ్లుగా ఆ మాట కోసం కౌంటీ అంతా తిరిగింది. చివరికి ఆ మాట అన్నవాడు జైల్లో ఉన్నాడు. ఆ మే నెలలో కూడా రోడ్డు పక్కన తాగి పడిపోయి జైల్లోనే ఉన్నాడు, వాడిని ఓటుకి ఎవరూ తీసుకెళ్లలేదు. ఆమె కూడా తీసుకెళ్లలేదు, తట్టనే లేదు. ఆమె తలుపు దబాలున వేసి, మంచులో కారు వైపు నడిచింది.